కోసిన హ్యాండిల్

మా బాపు చేతులు తిమ్మిరెక్కుతున్నాయని, సైకిల్‌కు వేరే హ్యాండిల్ వేయించడానికి ఆయన్ను కిషన్‌బాగ్‌లో రఫీఖ్ భాయ్ దుకాణానికి తీసుకొచ్చాను. అది ఒకప్పటి నా గేర్ సైకిల్. నేను బైక్ కొనుక్కున్నప్పటి నుంచి, ఎనిమిదేళ్లుగా బాపు దాని మీదే ఇంటింటికీ పాలు పోస్తున్నాడు.

"పాల క్యాన్లు హ్యాండిల్‌కు తగిలించకు అంటే వినడు భాయ్. నొప్పులు రాక ఏమైతయి?" అని బాపు ముందే విసుక్కున్నాను.

బాపు మణికట్టు రుద్దుకున్నాడు.

రఫీఖ్ భాయ్ కొత్త హ్యాండిల్ ఒకటి తెచ్చి పాతదాని మీద పెట్టి చూశాడు. పాతది రెండు పక్కలా బెత్తెడు చొప్పున తక్కువ ఉంది. గ్రిప్పులు లాగేసి అంచులు తడిమాడు.

"క్యాన్లతోని కాదు. దీన్ని రంపంతోని కోసిన్రు. గింత ఇరుకు హ్యాండిల్ పట్టుకుంటే చేతులు గుంజుతయి. ఎవరు కోసిన్రు మియా?"

నేను గోడకు వేలాడుతున్న టైర్ల వైపు చూశాను.

"నేనే కోసిన భాయ్," అన్నాడు బాపు. "మా గల్లీ ఇరుకని."

ఇంటర్‌లో స్టైల్ కోసం మా డాబా మీద దాన్ని నేను కోస్తుంటే, కదలకుండా గట్టిగా పట్టుకున్నవి ఆ చేతులే.