పళ్లెం చప్పుడు

"రెండు నెలలాయె, ఒక్క పులి గూడ పడలే. గిట్లయితే నా నౌకరి పోతదమ్మా," అంటూ సుహాసిని మన్ననూరు అడవిలో కట్టిన కెమెరాల ఫొటోలు చూస్తోంది.

పులి లేదన్న మాట చెవిన పడి తల్లి గుర్వమ్మ ప్రాణం కుదుటపడింది.

ఒక ఫొటోలో కొంగు బిగించి, పళ్లెం మీద గరిటెతో బాదుతున్న ఆడమనిషి.

"అమ్మా, గిది నువ్వేనా?"

"మక్కచేన్ల పందుల్ని గట్లనే తరుముతం గదనే! రోజూ నీకంటే ముందుగాల పోయి, నీ తొవ్వంత కొట్టొస్తున్న."

"రిపోర్టుల పులికి ముప్పేందో రాయమన్నరు. మా అమ్మ అని రాయాల్నా?"

గుర్వమ్మ అడవి దిక్కు చూసింది.

"అయ్యో! గా జీవి ఏడికి పోయిందో, కడుపుకింత తిన్నదో లేదోనే!"