నలభయ్యో దోమ

మూడోసారి లెక్కపెట్టాడు. మళ్ళీ ముప్ఫై తొమ్మిదే.

పరిశోధనశాలలో దోమలను పెంచే ఉద్యోగి అతను. వలడబ్బాలో నలభై ఉండాలి. అన్నీ మలేరియా రోగి రక్తం తాగి పద్నాలుగు రోజులైన ఆడ దోమలు. ఇప్పుడు ఏది కుట్టినా జ్వరం తప్పదు.

మగవాటికి కుట్టడం చేతకాదు. గుబురు మీసాలు మాత్రం ఉంటాయి. చక్కెర నీళ్ళు తాగుతూ పక్క గదిలో కాలక్షేపం చేస్తుంటాయి. "మీసాలున్నవాళ్ళంతా ఉత్త అమాయకులన్నమాట" అని అతని భార్య ఎన్నిసార్లు ఆటపట్టించిందో.

తలుపు చప్పుడైంది.

"ఏవండీ, కళ్ళజోడు మర్చిపోయి వచ్చారు. తెచ్చాను, తలుపు తీయండి."

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమెకు ఏడో నెల.

"నెట్టకు. ఒక దోమ తప్పించుకుంది. నువ్వు ఇంటికెళ్ళిపో."

"మూడంతస్తులు ఎక్కొచ్చానండీ. కళ్ళు తిరుగుతున్నాయి. ఇప్పుడు దిగలేను."

కడుపుతో ఉన్న మనిషికి మలేరియా వస్తే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు. అది అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఇంత భయం జన్మలో ఎరగడు. బల్ల కింద వెతికాడు. గొట్టాల వెనక వెతికాడు. కోటు దులిపాడు.

స్విచ్చుల పక్కన, తెల్లగోడ మీద, మసగ్గా ఒక నలుసు కనిపించింది. తోక పైకెత్తి ఏటవాలుగా వాలి ఉంది. మలేరియా దోమ కూర్చునే తీరే అది.

ఒక్కటిచ్చాడు. రాలిపడింది. కాగితం మీదికి ఎత్తి, పుస్తకంలో నలభై అని రాసుకున్నాడు.

పట్టిన దోమను పరీక్షగా చూశాకే తలుపు తీయాలని నియమం. కళ్ళజోడు లేకుండా ఏం చూస్తాడు? పైగా బయట ఆమె నిలబడలేకపోతోంది. గడియ లాగాడు.

"రా, కూర్చో. చచ్చింది పీడ."

ఆమె స్టూలు మీద చతికిలబడింది. అతని మొహం చూసి నవ్వింది.

"చెమటలు పట్టేశాయే మీకు. దోమకే ఇంత హడావుడా?"

"నీకేం, నవ్వుతావు. నా ప్రాణం పోయి వచ్చింది."

ఆమె మోచేయి గోక్కుంటూ కళ్ళజోడు అందించింది. అతను తీరిగ్గా తుడిచి పెట్టుకుని, కాగితం మీదికి వంగాడు.

చచ్చిన దోమకు గుబురు మీసాలున్నాయి.