దుప్పటి పట్టు

కాకినాడలో ఇప్పుడు ఆలుమగల తగవులన్నీ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ వీడియో గేమ్‌లోనే తేలుతున్నాయి. ఆదివారం గెలిచినవారి మాటే వారమంతా ఇంట్లో చెల్లుతుంది. మనిషి రోజూ చేసే పనుల నుంచే తెర మీది బొమ్మ పట్లు నేర్చుకుంటుంది.

సోఫా దిగని గవర్రాజు బొమ్మకు దొర్లడం ఒక్కటే వచ్చు. మెషీన్ ఉన్నా దుప్పట్లు చేత్తోనే పిండే అతని భార్య మంగతాయారు బొమ్మ, దాని చేతిని మెలిపెట్టి పదకొండు వారాలుగా ఓడిస్తోంది.

పౌరుషం పొడుచుకొచ్చి, ఆమె బజారుకెళ్లినప్పుడల్లా గవర్రాజు దొంగచాటుగా దుప్పట్లు పిండడం మొదలుపెట్టాడు. శనివారం దొరికిపోయాడు.

"పట్టు బాగానే కుదిరిందండి. ఆ కర్టెన్లు కూడా పిండేశారంటే రేపు నా బొమ్మ లేస్తే ఒట్టు," అంది మంగతాయారు, సోఫాలో నడుం వాలుస్తూ.

గవర్రాజు అప్పటికే స్టూలెక్కి కర్టెన్లు ఊడదీస్తున్నాడు.