పోస్టర్‌లో శంకరవ్వ

అవేజ్ అప్పుడే గోడకంటించిన పోస్టర్ మీద శంకరవ్వ వేలు పెట్టి, వంకర దారుల వెంట నడిపిస్తోంది. పింఛన్ల ఆఫీసును అతను చిక్కుదారుల కోటగా గీశాడు. మలుపుకో రాక్షసుడు. నట్టనడుమ కర్ర పట్టుకున్న ముసలవ్వ.

“గిది నేనే గదా బిడ్డా?”

“నువ్వేనవ్వా! పొద్దుగాల్నే వాట్సాప్‌ల పెట్టిన, అందరు మెచ్చుకుంటున్నరు.”

“రాక్షసులు మస్తుగున్నరు. మరి బయటికొచ్చే తొవ్వేది?”

“లేదవ్వా. గది సూసి ఆఫీసోళ్లకు సిగ్గు రావాలె.”

“ఆగిన పింఛన్ అడగనీకి నిన్న తోడొస్తనంటివి. పొద్దంత ఆఫీసు కాడ ఎదురుసూసిన. రాకపోతివి.”

“గీ బొమ్మే గీస్తుంటినవ్వా... నీ కోసమే.”

శంకరవ్వ వేలు ముసలవ్వ బొమ్మ దగ్గర ఆగింది.

“దీంట్ల గూడ నన్ను ఒక్కదాన్నే నిలవెట్టినవు గదా, బిడ్డా.”

అవేజ్ చేతికంటిన మైదా జిగురును చొక్కాకు తుడుచుకుంటూనే ఉండిపోయాడు.