కడుపు కథ చెప్పిన సూపర్‌వైజర్

1981 ఎండాకాలం. షార్జా క్యాంపులో తాగడానికి ఉప్పునీళ్లు పోస్తున్నారని కూలీలు పనికి తీసుకెళ్లే బస్సెక్కడం మానేశారు.

వాళ్లకు నచ్చజెప్పమని ముదీర్, అంటే కంపెనీ అరబ్బు మేనేజరు, సూపర్‌వైజర్ శాంతరాజును పంపాడు. శాంతరాజు చరిత్రలో బీఏ. ఆ సంగతి ఎవరినీ మరిచిపోనివ్వడు.

"పూర్వం రోమ్‌లో పేద సిపాయిలు మీలాగే అలిగి, ఊరొదిలి కొండెక్కి కూర్చున్నారు. పెద్దలు పంపిన ఒకాయన వెళ్లి కథ చెప్పాడు. చేతులూ కాళ్లూ కడుపు మీద కోపంతో పని మానేస్తే, కడుపుతో పాటు అవీ ఎండిపోయాయంట. కంపెనీ కడుపు, మీరు చేతులు. అర్థమైందా? వాళ్లు కొండ దిగొచ్చారు."

మేస్త్రీ లింబాద్రికి కథ బాగా నచ్చింది. "ఉత్తగనే దిగిండ్రా సారూ?"

చరిత్రలో అబద్ధం చెప్పడం శాంతరాజు వల్ల కాదు. "ఉత్తినే ఎందుకు దిగుతారు? తమ తరఫున అడగడానికి నాయకుల్ని ఎన్నుకున్నాకే దిగారు. ఆ నాయకుల మీద చెయ్యేసినోడికి చావే."

"అయితే మా నాయకునివి నువ్వే సారూ! సదువుకున్నోనివి, అరబ్బీ గూడ వస్తది. యల్లా, నడువు!"

అందరూ చప్పట్లు కొట్టారు. జన్మలో చప్పట్లు ఎరగని శాంతరాజు ఛాతీ విరుచుకుని ఆఫీసులోకి వెళ్లాడు. ముదీర్ ముందు బల్ల గుద్ది మరీ మంచినీళ్లు అడిగాడు.

మధ్యాహ్నానికల్లా ట్యాంకరు వచ్చింది. కూలీలు కడుపునిండా తాగి పనిలోకి వెళ్లారు.

శాంతరాజు మీద ఎవరూ చెయ్యి వేయలేదు. వీసా మాత్రం ఖలాస్ చేసి, వారం తిరక్కుండా బొంబాయి విమానం ఎక్కించారు.

ఆ కబురు విని లింబాద్రి నిజంగానే బాధపడ్డాడు.

"పాపం సారు... గా రోమ్‌ల వీసాలు లేకుండెనేమో."