బాలింత గది కిటికీ

పొద్దున్నే వీరరాఘవమ్మ గదిలోకి వెళ్లేసరికి కిటికీ రెక్క మళ్లీ తెరిచి ఉంది.

చల్లగాలి తిన్నగా బాలింత మంచం మీదికే కొడుతోంది. కూతురు యోగిత, పక్కన నెల నిండని పాప నిద్రపోతున్నారు. మంచం కింద కుంపటిలో నిప్పులు బూడిదయ్యాయి.

"ఎవరు తీశారే దీన్ని?"

"దేవమ్మగారే అయ్యుంటారమ్మా. నల్లా దగ్గరికి పోతూ బయట్నుంచి తోసుంటారు," అంది యోగిత కళ్లు తెరవకుండానే.

వీరరాఘవమ్మకు ఒళ్లు మండింది.

దేవమ్మ దీపావళి అయ్యాక, వీళ్లు అద్దెకున్న బొల్లారం కాంపౌండులోనే వెనక గదిలో దిగింది. ఒంటరి ముసలమ్మ. ఆవిడ కోసం ఎవరూ రారు. క్రిస్మస్ సెలవులు మొదలయ్యాక మాత్రం ఆవిడ ఒకచోట కూర్చోలేదు. కాలు విరిగిన కమలాబాయికి గిన్నెలు తోమిపెట్టింది. వాచ్‌మన్‌కు జ్వరమొస్తే జావ కాచి తాగించింది. రమ్మని ఎవరూ అడగలేదు.

"పిలవని పేరంటం," అని మూతి తిప్పేది వీరరాఘవమ్మ.

ఆమె మాత్రం కూతురికి ఏం తక్కువ చేసింది? వెల్లుల్లి కారంతో పథ్యం, చెవుల్లో దూది, తలకు గుడ్డ. గాలి చొరబడకుండా తలుపు కింద గోనెసంచి. మంచం కింద రాత్రంతా కుంపటి. భీమవరంలో తన తల్లి తనకు చేసినవే అన్నీ. అల్లుడు పృథ్వీ హీటర్ కొంటానంటే, "కరెంటు వేడి పచ్చి ఒంటికి పడదు బాబూ," అని ఆపేసింది. తన దగ్గు పాపకు అంటుతుందేమోనని తను హాల్లో చాప మీద పడుకునేది. అదంతా ప్రేమే. కాదన్నవాళ్ల కళ్లు పోతాయి.

పండుగ ముందురోజు దేవమ్మ పళ్లెంలో కేకు, గులాబీ పువ్వుల పిండివంట పెట్టుకుని వచ్చింది. చూపంతా గది వైపే ఉంది.

"అమ్మా, ఒక్కపారి బాలింతను చూసిపోత."

"పడుకుంది."

"ఆ కుంపటి జెర బయట పెట్టుండ్రి. లేకుంటే కిటికీ అన్న సందు ఉంచుండ్రి."

"కూతురికి వాతం చేస్తే నువ్వొచ్చి చూస్తావా?"

"చూస్త. రాత్రంత పిల్ల పక్కన కూసొమ్మన్న కూసుంట."

వీరరాఘవమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ముక్కూమొహం తెలియని మనిషి పసిగుడ్డు పక్కన కూర్చుంటానంటోంది.

"నీకు పిల్లలున్నారా?" అని అడిగింది.

దేవమ్మ పళ్లెం అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది.

"అదీ సంగతి," అనుకుంది వీరరాఘవమ్మ. వెంటనే ఉప్పూ మిరపకాయలతో పాపకు దిష్టి తీసింది. పళ్లెంలోవి పనిమనిషికి ఇచ్చేసింది.

క్రిస్మస్ నాడు పొద్దున చూస్తే కిటికీ మళ్లీ తెరిచే ఉంది.

ఈసారి ఆమె ఊరుకోలేదు. ఇంటి ఓనరు లక్ష్మణ్‌ను పిలిపించింది.

"బాలింత గది కిటికీలో చేతులు పెట్టే మనిషి మాకొద్దు. ఆవిడైనా ఉండాలి, మేమైనా ఉండాలి."

"పండుగ పూట ఎట్ల పొమ్మంట పెద్దమ్మా?" అని లక్ష్మణ్ నసిగాడు. చివరికి పొమ్మనే చెప్పాడు.

చర్చికి కట్టుకెళ్లిన చీరతోనే దేవమ్మ సంచి సర్దుకుంది. నేరేడ్‌మెట్‌లో చెల్లెలి ఇంటికి పోతున్నానంది. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"అమ్మా, కిటికీ మాత్రం..."

అప్పటికే వీరరాఘవమ్మ భర్త రామభద్రరావు కిటికీకి మేకు కొడుతున్నాడు.

ఆ సాయంత్రం నుంచే చలి పెరిగింది. వీరరాఘవమ్మ కుంపటిలో ఇంకాస్త బొగ్గు వేసింది.

తెల్లారాక ఎంత పిలిచినా యోగిత పలకలేదు.

ఆసుపత్రిలో తల్లిని బతికించారు. పాప బతకలేదు.

"బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు. వాసన కూడా తెలీదు," అన్నాడు డాక్టరు. "మూసేసిన గదిలో రోజూ కుంపటా? ఇన్నాళ్లూ ఏ గాలితో బతికారమ్మా వీళ్లు?"

భీమవరంలో వీరరాఘవమ్మ పుట్టింటివాళ్లది పెంకుటిల్లు. గాలి రావడానికి ఎన్ని సందులో. ఇది శ్లాబు గది. ఆ తేడా ఆమెకు ఒక్కనాడూ తట్టలేదు.

పృథ్వీ అత్తగారితో మాట్లాడటం మానేశాడు. యోగిత తల్లిని చూసి గోడవైపు తిరిగి పడుకుంది. "అంతా నీ చాదస్తం," అన్నాడు రామభద్రరావు. మేకు కొట్టిన చెయ్యి తనదేనన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

వీరరాఘవమ్మ పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుండిపోయింది. తిన్నావా అని అడిగిన దిక్కు లేదు.

కొత్త సంవత్సరం నాడు గేటు తీసుకుని దేవమ్మ వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. సంగతి వాచ్‌మన్ చెప్పాడట. పక్కన కూర్చుని పెరుగన్నం కలిపి ముద్ద నోటికి అందించింది.

వీరరాఘవమ్మ ఆ చెయ్యి పట్టుకుని భోరుమంది.

"నీకు ముందే తెలుసు. ప్రాణాలు పోతాయని ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"బాలింత ఉన్న ఇంట్ల సావు మాట ఎట్ల అంట, చెల్లె?"

నిజమే. అని ఉంటే చీపురు తిరగేసేది. అది వీరరాఘవమ్మకూ తెలుసు.

"నా వాళ్లే నా మొహం చూడట్లేదు. నేనే చంపానంటున్నారు. నిన్ను వెళ్లగొట్టినదాన్ని. నా దగ్గరికి ఎందుకొచ్చావు?"

దేవమ్మ ఇంకో ముద్ద కలిపింది.

"నిరుడు మా బిడ్డ సుత బాలింతనే. తల్లీపిల్లా ఇద్దరు మళ్ల లేవలే," అంది మెల్లగా. "కుంపటి పెట్టింది నేనే, చెల్లె."