హార్డ్ డిస్క్ డబ్బా

వైరు ఊరికే ఊడిపోతోందని, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ డబ్బా హాల్లో కూర్చుని విప్పాను. లోపలి డిస్క్‌ని నా గదిలో కంప్యూటర్‌కి బిగించాను. పాప వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. పాప పోయినప్పటి నుంచి, ఆఫీసు నుంచి రాగానే గది తలుపేసుకుని అవి చూడటమే నా పని.

డిస్క్ ఖాళీ అంది కంప్యూటర్. ఫార్మాట్ చెయ్యాలా అని అడిగింది.

రిపేరు షాపతనికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింది.

"డిస్క్‌లో ఉన్నవి తెరిచే తాళమంతా డబ్బాలో ఉన్న చిన్న బోర్డులో ఉంటుంది సార్. డిస్క్‌ని మళ్లీ అందులో పెడితే అన్నీ కనిపిస్తాయి. ఆ డబ్బా లేకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు."

ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో ఆవిడ లేదు. హాల్లోకి వెళ్లేసరికి డబ్బా లేదు.

"చెత్తనుకుని పారేశాను. చెత్త బండి కూడా వెళ్లిపోయింది," అంది మా ఆవిడ.

నాకు కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. అన్నానికి రమ్మంటే వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని తిన్నాను. మర్నాడూ అంతే.

వారం తర్వాత చొక్కా బొత్తాం ఊడితే, సూది కోసం ఆవిడ కుట్టుపెట్టె తెరిచాను. అడుగున పాప గౌనులో చుట్టి డబ్బా ఉంది, బోర్డుతో సహా.

"సూది దొరికిందా?" వంటింట్లోంచి అడిగింది.

గౌను ఎలా ఉన్నదో అలాగే చుట్టి మూత పెట్టాను.

"లేదు. నువ్వే వచ్చి కుట్టిపెట్టు," అన్నాను.